ఆయమ్మ పిలిచే చివరి పేరు

మొన్న బడి వదిలే వేళకి గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని, చంకలో చిన్న గుడ్డమూట పెట్టుకుని, కోట బస్టాండు నుంచి ఎండన పడి నడిచొచ్చినట్టున్నాడు. నన్ను చూడగానే, "బోర్డింగులో చదివిన పాపవు నువ్వే గదా?" అన్నాడు. పెళ్ళై, ఒక బిడ్డ తల్లినై, క్లాసునిండా పిల్లల మీద బెత్తం ఆడించే టీచరమ్మని పట్టుకుని పాపా అంటాడేమిటని ముందు చిరాకేసింది. తర్వాత ఆనవాలు పట్టాను. ఆయమ్మ తమ్ముడు.

"అక్క పోయినాది పాపా. పోయిన వారం మట్టి చేసినాం. ఇది నీకిమ్మనింది" అని మూట విప్పాడు.

కొమ్ముదువ్వెన. మధ్యలో రెండు పళ్ళు ఊడిన ఆ దువ్వెనని ఎక్కడున్నా గుర్తుపడతాను. ఏడుపు తర్వాతొచ్చింది. ముందు నా తల దానంతటదే కిందికి వంగింది.

ఆయమ్మకి ఒక పేరుంది. రాయను. ఆ పేరుతో ఆమెని పిలిచినవాళ్ళని నేను చూడలేదు. పంతొమ్మిది వందల యాభైల చివర, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న మా ఆడపిల్లల మిషన్ బోర్డింగులో అందరికీ ఆమె ఆయమ్మే. వార్డెను టీచరమ్మకీ ఆయమ్మే, పాలు పోసే మనిషికీ ఆయమ్మే. మాకు వండేది, గుడ్డలుతికించేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. మనిషి పొట్టి. నడిస్తే కొంచెం పక్కకి ఒరిగేది, కాళ్ళ కింద నేల కదులుతున్నట్టు. గొంతు మాత్రం దేవుడు ఇంకెవరికో ఇవ్వబోయి పొరపాటున ఆమెకి ఇచ్చేశాడనుకుంటాను. వార్డెనమ్మ ఎంత పిలిచినా కదలని పిల్లలం, ఆయమ్మ ఒక్క కేకేస్తే దొడ్లోంచి పడుతూ లేస్తూ వచ్చేవాళ్ళం.

ఆమెకి కొన్ని వింత పట్టింపులుండేవి. చేపల పులుసు పెట్టిందంటే మామిడికాయ వేసి, గిన్నె నాకించేటట్టు పెట్టేది. తను ముట్టేది కాదు. ఒకసారి ఉండబట్టలేక ఎందుకు తినవని అడిగాను. "అవి ఏం తిని బతికినాయో ఎవురికి తెలుసు మే" అంది. ఆ పూట నాకూ ముద్ద దిగలేదు. ఇంకొకటి, తూర్పు వైపు తలుపుకి రాత్రిళ్ళు గడియ పెట్టనిచ్చేది కాదు. వానొచ్చినా సరే, జల్లు లోపలికి కొట్టినా సరే. ఇక మూడోది మా నెత్తికొచ్చింది. మాకు జడలు నూనె పెట్టకుండా వేసేది. నూనె కావాలంటే జడ వేశాక, పైపైన, అదీ బతిమాలితే. కళ్ళు పైకి గుంజుకుపోయేటంత బిగించి వేసేది. ఊళ్ళో పిల్లలు మా జుట్లని చూసి కొబ్బరి పీచు అని ఏడిపించేవాళ్ళు.

జడలు వేసేది శనివారం. మర్నాడు చర్చికి పోవాలి గదా, మధ్యాహ్నం సీకాయతో తలలు రుద్దుకుని వెనక వరండాలో ఒకరి వెనక ఒకరం రైలుపెట్టెల్లాగా కూర్చునేవాళ్ళం. ఆయమ్మ పీట వేసుకుని ముందున్న తల నుంచి మొదలుపెట్టేది. తలతోపాటు కథ కూడా. "తల ఒంచితే కథ, ఎత్తితే మొట్టికాయ" అనేది. రెండూ తప్పకుండా దొరికేవి. సుగుణ అని నా స్నేహితురాలు, దాని జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది. దాని వంతొచ్చిందంటే కథ ఎక్కడికో పోయేది. నాది ఇంత పిలక. నా వంతులో పడవకి తాడు విప్పేలోపే జడ అయిపోయేది. దేవుడా, నా జుట్టెందుకు పెంచవు అని ప్రార్థన చేసుకున్నానంటే ఆ కథ కోసమే.

ఇప్పటి ఆడవాళ్ళు వారపత్రిక సీరియళ్ళ కోసం పోస్టు కాడ కాచుక్కూర్చుంటారు. మా సీరియలు ఆయమ్మ. మూడేళ్ళు నడిచింది. అదిట్లా మొదలవుతుంది.

"ఒకరోజు సముద్రం లేచొచ్చినాది. మన ఊరికే గాదు మే, లోకమంతా. నెల్లూళ్ళో పెన్న వంతెన మీద చేపలు ఎగిరినాయి. పెద్దోళ్ళు కొట్టుకోనిపోయినారు. మిగిలింది పిల్లకాయలే."

ఆ పిల్లకాయల్లో ఒక పద్నాలుగేళ్ళ పిల్ల. దాని పేరు ఆయమ్మ చెప్పదు, ఆ పిల్ల అంటుంది అంతే. నీళ్ళొచ్చినప్పుడు వాళ్ళమ్మ ఆ పిల్ల జడ పట్టుకుంది. "ఆదివారం గదా, నిండా నూనె పెట్టి జడేసి ఉండాది వాళ్ళమ్మ. జారిపోయినాది." అంతే చెప్పేది. ఆ మాట దగ్గర దువ్వెన పట్టిన చెయ్యి ఒక్క గుంజు గుంజేది, వంతు ఎవరిదైతే వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఆ పిల్ల ఒక తాటిమొద్దు పట్టుకుని కొట్టుకుపోయి, ఒక ఇసకదిబ్బ చేరింది. దిబ్బ పక్కన నీళ్ళలోంచి ఒక చర్చి గోపురం ఇంత పైకి కనిపిస్తోంది, గంటతో సహా. పొద్దుగూకే వేళకి ఆ పిల్ల ఈదుకుంటా పోయి గంట కొట్టింది. గంట విని ఒకడొచ్చాడు, మర్నాడు ఇంకొకతె. మొదటి ఏడంతా అట్లా పిల్లకాయలు చేరడమే. తేగలు కాల్చుకుని, పీతలు పట్టుకుని బతికారు. రెండో ఏడు పేర్లు మరిచినోళ్ళొచ్చారు. వాళ్ళు పెద్దవాళ్ళే, నీళ్ళల్లో నాని నాని తామెవరో మర్చిపోయినవాళ్ళు. పడవలో చప్పుడు లేకుండా వచ్చేవాళ్ళు. రాత్రిపూట పేరు పిలిస్తే పలకని పిల్లకాయని ఎత్తుకుపోయేవాళ్ళు. ఆ ఏడాది బోర్డింగులో ఎవ్వరం ఒంటరిగా దొడ్లోకి పోలేదు. మూడో ఏడు విత్తనం. ఎక్కడో మునిగిన ఇంటి అటక మీద, మూతికి మట్టి మెత్తిన కుండలో మొలగొలుకుల వడ్ల విత్తనాలున్నాయని తెలిసి ఆ పిల్ల తెప్ప కట్టుకుని పోయింది. తెచ్చింది. చల్లింది. ఉప్పునేల, మొలిచి మాడిపోయింది. కుండలో అడుగున పిడికెడు మిగిలాయి.

వీటన్నిటి మధ్యా ప్రతి వారం ఒక మాట ఉండేది. పొద్దుగూకేటప్పుడు నీళ్ళ మీద నుంచి దూరంగా ఒక గొంతు ఆ పిల్లని పేరు పెట్టి పిలిచేది. వాళ్ళమ్మ గొంతు. పలికితే పోవాలి. పోతే ఈ పిల్లకాయలేం గావాల? ఆ పిల్ల గోపురం పట్టుకుని నోరు మూసుకుని నిలబడేది. అక్కడ ఆయమ్మ జడ ముడేసి, "తర్వాతెవురు, రా మే" అనేది. మా ప్రాణాలు పోయేవి.

వార్డెనమ్మకి ఈ కథ గిట్టలేదు. "ఇంకోసారి లోకాన్ని నీళ్ళతో ముంచనని దేవుడు ఇంద్రధనుస్సు చూపించి మాటిచ్చాడు ఆయమ్మా. పిల్లలకి ఇట్లాంటివి చెప్తారా?" అని మందలించింది.

"ఇచ్చినాడు తల్లీ, కాదన్లా" అంది ఆయమ్మ. "ఆ పొద్దు మా ఊళ్ళో మబ్బు పట్టి ఉండాది. కనపళ్ళా."

ఇక పేర్లు పిలవడం సంగతి చెప్పాలి. సాయంత్రం ప్రార్థనకి ముందు మేమందరం ఉన్నామో లేదో చూసుకునేది ఆయమ్మే. చదువు రాదు, పేర్లన్నీ నోటికే. వరండాలో వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద ఇనపకడ్డీతో ఒక దెబ్బ, ఒక పేరు. మేం "ఉండా" అని అరవాలి. ఎవరైనా సెలవు మీద ఊరికి పోయుంటే, ఆ పిల్ల పక్కచాప పిల్ల "లేదాయమ్మా, ఇంటికి పోయినాది" అని చెప్పాలి. ఇదంతా ఆమె వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్న పద్ధతి. వాళ్ళ ఊరు సముద్రం ఒడ్డున. సగం మంది మాలాంటి క్రైస్తవులు, సగం మంది గంగమ్మకి మొక్కేవాళ్ళు, అందరూ వల మీద బతికేవాళ్ళే.

"పొద్దుగూకేటప్పుడు పడవలొస్తాయి గదా. కెరటాల్లో ఎవురుండారో ఎవురు లేరో గట్టు మీదోళ్ళకి కనపడదు. అందుకని ఆడోళ్ళు నడుం లోతు దిగి ఎవురి మొగుణ్ణి వాళ్ళు పేరు పెట్టి పిలుస్తారు" అని చెప్పింది ఒకసారి.

"మొగుణ్ణి పేరు పెట్టా!" అన్నాం అందరం.

"ఆడొక్కచోట పిలవచ్చు. సముద్రానికి వరసలేం తెలుస్తాయి?"

"ఉండా" అని వినిపిస్తే ఆవిడ తట్ట అందుకుంటుంది. వినిపించకపోతే మళ్ళీ పిలుస్తుంది. ఆ పడవలో చూసినవాడెవడో నోరు తెరిచి "లేడు" అనేదాకా పిలుస్తూనే ఉంటుంది. చూడనివాళ్ళు ఆ మాట అనకూడదు. ఆ మాట పడ్డాకనే ఏడుపు, ఆ తర్వాతే ఏ కార్యమైనా. ఎవరూ చూడలేదనుకో, మర్నాడు పొద్దుగూకేటప్పుడు మళ్ళీ పిలవాల్సిందే.

మా పేర్లలో చివరిది కరుణ. అందరికన్నా చిన్నది, ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉండేవి. అది "ఉండా" అనగానే అయిపోవాలి. అయిపోయేది కాదు. ఆయమ్మ కడ్డీని ఇంకోసారి పైకెత్తి, తూర్పుకి తిరిగి, పెదాలు కదిపేది. దెబ్బ కొట్టేది కాదు, గొంతు బయటికి వచ్చేది కాదు. కొంచెంసేపు అట్లాగే చెవి ఒగ్గి నిలబడి, కడ్డీ పక్కన పెట్టి, "పదండి పదండి, ప్రార్థనకి" అనేది. సుగుణ, "దెయ్యాన్ని పిలుస్తుంది" అని మా చెవుల్లో ఊదింది. మేం నమ్మాం. ఆ కాసేపూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడేవాళ్ళం. ఇంకో చాప ఖాళీగా ఉందేమోనని వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని.

సంగతి తెలిసింది ఆమె తమ్ముడు వచ్చినప్పుడు. మూడో ఏడు, పరీక్షలు దగ్గరపడ్డ రోజులు. ఎండుచేపల మూట తెచ్చి, వరండా మెట్టు మీద కూర్చున్నాడు. నేనూ సుగుణా పక్కనే బియ్యంలో రాళ్ళేరుతున్నాం. పిల్లలకేం అర్థమవుతుందిలే అనుకున్నట్టున్నారు.

"అక్కా, అమ్మ మంచం పట్టినాది. మనవరాలికి జ్ఞాపకార్థ కూటం పెట్టిందాకా కళ్ళు మూయనంటా ఉండాది. తల్లి ఒప్పుకోందే పెట్టేది లేదని చర్చి అయ్యగారు అంటుండారు. గాలివాన వచ్చి ఎన్నేళ్ళాయ. నువ్వొక్క మాట అను" అన్నాడు.

"ఏ మాట?"

ఆయన తల దించుకున్నాడు.

"చూసినోళ్ళు అనాల ఆ మాట" అంది ఆయమ్మ. "నువ్వు చూసినావా?"

"నేనెట్ట చూస్తానక్కా, నేను తాడిచెట్టు మీదుంటి."

"నేనూ చూళ్ళా. చీకటి. చేతిలో జడ ఉండాది, మళ్ళా చూసుకుంటే నూనె ఉండాది. అంతే చూసినా. నేనెట్ట అనేది?"

ఆయన కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. సుగుణ చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ మేం విన్నది ఎవరి కథో, ఆ సాయంత్రాలు ఆమె పిలిచేది ఎవరినో, రెండూ ఒక్కసారే తెలిశాయి. ఆ రోజు నుంచి కథలో ఆ గొంతు వచ్చినప్పుడల్లా నేను ఆయమ్మ నోటి వైపు చూడలేకపోయేదాన్ని.

అయినా ముగింపు అడగడం మాత్రం మానలేదు. మా తరగతివాళ్ళకి అదే చివరి ఏడు. ఎండాకాలం సెలవులిస్తే మళ్ళీ బోర్డింగుకి రాము. ఆఖరి శనివారం సుగుణ తడిజుట్టు చేత్తో పట్టుకుని, "ఇయ్యాళ ముగిస్తేనే జడేయించుకుంటా ఆయమ్మా, లేకుంటే జుట్టు విరబోసుకునే చర్చికి పోతా" అని భీష్మించుకుంది.

"పో. దెయ్యాలు నిన్ను చూసి దడుచుకుంటాయి" అంది గానీ, ఆయమ్మ మొదలుపెట్టింది.

ఆ పిడికెడు గింజలూ ఆ పిల్ల చల్లింది. వానలకి ఉప్పు కడుక్కుపోయి ఉంది, ఈసారి నిలబడ్డాయి. కోశారు, దంచారు. లోకం మునిగాక మొదటిసారి పొయ్యి మీద అన్నం ఉడికింది. ఆ వాసన నీళ్ళ మీదుగా పోయింది. పేర్లు మరిచినోళ్ళు పడవేసుకుని వచ్చారు. పిల్లకాయలు వణికిపోయారు. ఆ పిల్ల ఒక ఆకులో ఇంత అన్నం పెట్టి ముందున్న వాడికిచ్చింది. వాడు వాసన చూసి, ఒక ముద్ద తిని, ఏడ్చి, తన పేరు చెప్పాడు. ఆ వెనకున్నామె తన పేరు చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు. ఎత్తుకుపోయిన పిల్లకాయలంతా పడవ దిగొచ్చారు. మేం చప్పట్లు కొట్టాం, అరిచాం. నాకైతే నోట్లో నీళ్ళూరాయి.

అప్పటికి అందరి జడలూ అయిపోయి, కరుణ ఒక్కతే మిగిలింది. దాని తల దువ్వుతూ, "అప్పుడా గొంతు వచ్చినాది" అంది ఆయమ్మ. దువ్వెన ఆగిపోయింది.

వంచిన తల ఎత్తకుండానే కరుణ అడిగింది. "పలికినాదా ఆయమ్మా?"

"పలికినాది."

"ఉండా అనిందా?"

"అనలా." గొంతు సవరించుకుంది. "‘ఇంక పిలవబాకమ్మా, గొంతు పోతాది. పోయి ఇంత అన్నం తిను’ అనింది."

"అంతేనా?" సుగుణ భగ్గుమంది. "మూడేళ్ళు చెప్పి ఇదా ముగింపు? ఇంటికి రావాల గదా ఆయమ్మా!" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎట్ట వచ్చేది మే? అంతమందికి అన్నం పెట్టాల. తెల్లారితే మళ్ళా నాట్లు." మళ్ళీ దువ్వడం మొదలుపెట్టి, "కడుపు నిండా తింటా ఉండాది. వాళ్ళమ్మకి అది చాలు" అంది.

నాకా ముగింపు నచ్చింది. ఎందుకు నచ్చిందని సుగుణ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడైతే చెప్పగలను. ఆ పిల్లకి ఒక ఊరు దొరికింది, పని దొరికింది, తిండి దొరికింది. కథలో ఎవరికీ ఏమీ బాకీ లేదు. మిగిలింది గట్టు మీద నిలబడ్డ తల్లి ఒక్కతే.

ఆ సాయంత్రం పేర్లు పిలిచింది. కరుణ "ఉండా" అంది. ఆయమ్మ కడ్డీ ఎత్తింది. ఈసారి దెబ్బ పడింది. ఆ వెంటనే ఆ గొంతుతో, ఆ కెరటాలు దాటించే గొంతుతో, పైకి ఒక పేరు పిలిచింది. మేమెప్పుడూ వినని పేరు. వార్డెనమ్మ లోపలి నుంచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఎవరం పలుకుతాం? ఏమని పలుకుతాం? అనాల్సిన మాట ఏదో నాకు తెలుసు, సుగుణకి తెలుసు. చూసినవాళ్ళే అనాలని కూడా తెలుసు.

మళ్ళీ పిలిచింది. ఇంకోసారి పిలిచింది.

కరుణ అటు చూసింది, ఇటు చూసింది. తన పక్కనున్న చోటు చూసింది. కొత్తగా ఎవరో పిల్ల చేరింది, ఊరికి పోయింది, ఆ పక్కచాప తనదే గాబట్టి చెప్పాల్సింది తనే అనుకుంది. "లేదాయమ్మా" అని గట్టిగా అరిచింది. "ఇంటికి పోయినాది."

సుగుణ గబుక్కున దాని నోరు మూసింది. ఆయమ్మ వచ్చి సుగుణ చెయ్యి తీసేసింది. కరుణ ముందు కూర్చుని, చాలా మెల్లగా అడిగింది.

"ఎవురు చూసినారు?"

"నేనే చూసినా ఆయమ్మా" అంది కరుణ. "అంతా చూసినా. ఈడ లేదు."

ఆయమ్మ అట్లాగే నేల మీదికి ఒరిగిపోయి ఏడ్చింది. అట్లాంటి ఏడుపు నేను ముందెప్పుడూ వినలేదు, ఇంకెప్పుడూ వినకూడదని కోరుకుంటున్నాను. కరుణ భయపడి తనూ ఏడ్చింది. వార్డెనమ్మ వచ్చి పక్కన నేల మీదే కూర్చుంది, ఒక్క బైబిలు వాక్యం చెప్పలేదు. ఏడుపు అయ్యాక ఆయమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "పదండి, అన్నం చల్లారిపోతాది" అంది. తూర్పు తలుపుకి ఆ రాత్రి గడియ పడింది.

ఆ తర్వాతి వారం వాళ్ళ ఊళ్ళో కూటం జరిగిందట. మేమప్పటికి సెలవులకి వెళ్ళిపోయాం. ఆయమ్మ వాళ్ళమ్మ కూటంలో కూర్చుని, ఆ నెలలోనే నిమ్మళంగా కళ్ళు మూసిందని తమ్ముడు మొన్న చెప్పాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. "అక్క పోయే ముందు వంజరం చేపల పులుసు పెట్టమని అడిగి తినింది పాపా. బాగుండాదనింది."

ఆయన్ని బస్సెక్కించి, దువ్వెన కొంగున కట్టుకుని ఇంటికొచ్చాను. దాని పళ్ళ సందుల్లో నూనె జిడ్డు ఉంది. కూటమయ్యాక పిల్లలకి నూనె పెట్టి జడలేసేదన్నమాట.

నిన్న పొద్దున క్లాసులో హాజరు పిలిచాను. చివరి పేరయ్యాక నోరు ఆగలేదు. ఆయమ్మ పేరు పిలిచాను, పైకే. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇవాళ కూడా పిలిచాను. మా బడిలో ఎవరైనా రాకపోతే పక్కవాళ్ళు "ఆబ్సెంట్ టీచర్" అంటారు. ఈ పేరుకి ఎవరూ అనలేదు, వాళ్ళకి తెలియదు గదా. అనాల్సింది నేను. కానీ నాకు కబురందేసరికే మట్టి అయిపోయింది. చూడనిదాన్ని, ఆ మాట నేనెట్టా అనేది?

రేపు మళ్ళీ పిలవాలి.